నగరానికి ఇళ్ల లెక్క

నగరంలో సొంతిల్లు సామాన్యుడికి అందకుండా పోతోందన్న మాట వచ్చినప్పుడల్లా రెండు మందులు వెంటనే వినిపిస్తాయి. అనుమతులు ఆఫీసుల చుట్టూ తిప్పకుండా కంప్యూటర్లో చకచకా ఇచ్చేయాలన్నది ఒకటి. ఎన్ని అంతస్తులు కట్టాలో ప్రభుత్వం శాసించడం మానేసి, ఆకాశం దాకా కట్టుకోనివ్వాలన్నది రెండోది. ఈ రెండు మందులూ వాడడంలో మన దేశంలోని మరే పెద్ద నగరమూ వెళ్లనంత దూరం హైదరాబాద్ వెళ్లింది. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోతో, స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఇక్కడ ఎత్తేశారు. ముంబయి ద్వీప నగరంలో ఆ పరిమితి దశాబ్దాల పాటు 1.33 దగ్గరే ఆగిపోయి ఉన్న కాలంలో జరిగిన మార్పు ఇది. ఆ తర్వాత 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా ఇల్లు కట్టుకునేవాళ్లకు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడు అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు. 2025లో వచ్చిన బిల్డ్‌నౌ అనే వ్యవస్థ ఇంటి ప్లాను నిబంధనలకు సరిపోయిందో లేదో నిమిషాల్లో చూసి చెబుతోంది. లంచాలకూ జాప్యానికీ అలవాటు పడిన వ్యవస్థలో ఇది చిన్న సంస్కరణ కాదు, దాన్ని తక్కువ చేయకూడదు.

మరి ఫలితం ఏమిటి? నైట్ ఫ్రాంక్ అనే స్థిరాస్తి సలహా సంస్థ ఏటా ఒక సూచీ వెలువరిస్తుంది. సగటు కుటుంబం ఇల్లు కొనాలంటే ఆదాయంలో ఎంత వంతు నెలవారీ వాయిదాకు పోతుందో అది చెబుతుంది. 2023లో ముంబయిలో ఆ వంతు 51 శాతం. రెండో స్థానం హైదరాబాద్‌ది, 30 శాతం. బెంగళూరు, చెన్నై, పుణే అన్నీ హైదరాబాద్ కంటే మెరుగ్గా ఉన్నాయి. అహ్మదాబాద్‌లో అది 21 శాతమే. ఎత్తుకు హద్దు లేని నగరం, అనుమతులు వేగంగా ఇచ్చే నగరం, చుట్టూ సముద్రమో కొండలో అడ్డులేని దక్కన్ పీఠభూమి మీది నగరం, ఇళ్ల భారంలో ముంబయి తర్వాత నిలబడడం నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఇదే కాలంలో ఇక్కడ కొత్తగా కట్టే ఫ్లాట్ల సగటు విస్తీర్ణం రెండు వేల చదరపు అడుగులు దాటింది, అప్పట్లో దేశంలోని పెద్ద నగరాల్లో అదే ఎక్కువ. అంటే ఇళ్లు కట్టడం ఆగలేదు, పెద్ద ఇళ్లు బోలెడు కట్టారు. అయితే దేశంలో కొరత ఉన్నది ఆ ఇళ్లకు కాదు. 2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత సుమారు 1 కోటి 88 లక్షలని లెక్క కట్టింది. అందులో 95 శాతానికి పైగా బలహీన వర్గాలు, అల్పాదాయ కుటుంబాలదే. ఆ కుటుంబాల్లో ఎక్కువమంది వీధిన పడినవాళ్లు కూడా కాదు, ఒకే గదిలో కిక్కిరిసి బతుకుతున్నవాళ్లు. మరోవైపు 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో తాళాలు వేసి ఉన్న ఇళ్లు 1 కోటి 10 లక్షలు తేలాయి.

ఈ చిక్కుముడికి కారణం హద్దులేని ఎత్తు ఎవరికి దక్కిందన్న ప్రశ్నలో ఉంది. హైదరాబాద్ నిబంధనల్లో ఎత్తు రోడ్డు వెడల్పు మీద, ప్లాటు సైజు మీద, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మీద ఆధారపడుతుంది. వెడల్పాటి రోడ్డు మీద ఎకరాల కొద్దీ స్థలం ఉంటే నలభై, యాభై అంతస్తులు లేపవచ్చు. అదే కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ముప్పై అడుగుల వీధిలో రెండు వందల గజాల ప్లాటుంటే, చట్టం ప్రకారం గ్రౌండ్ ఫ్లోర్ మీద రెండు అంతస్తులు వేసి ఆగిపోవాలి. నగరంలో పెద్ద ప్లాట్లు కొన్నే, చిన్న ప్లాట్లు లక్షల్లో ఉంటాయి. కట్టుకునే హక్కంతా అరుదైన ఆ కొద్ది స్థలాల మీద కుప్పపోసినప్పుడు వాటి ధర ఆకాశానికి వెళ్లకుండా ఎలా ఉంటుంది? 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. గజానికి రెండు లక్షల రూపాయల పైమాట. ఆ ఎకరంలో అయిదు లక్షల చదరపు అడుగులు కట్టగలిగినా, పునాది తవ్వకముందే ఒక్కో చదరపు అడుగు నెత్తిన రెండు వేల రూపాయల భూమి ధర కూర్చుంటుంది. దాని మీద లిఫ్టులు, అగ్నిమాపక ఏర్పాట్లు, బరువైన పునాదులు, బేస్‌మెంట్ పార్కింగులు చేరతాయి. అలాంటి చోట ఆరు వందల చదరపు అడుగుల ఇల్లు కట్టి అమ్మాలని ఏ బిల్డరూ అనుకోడు, అనుకున్నా లెక్క కుదరదు.

కాబట్టి చట్టం ఎంత కట్టనిస్తుందన్నది ఒక లెక్క, వాస్తవంలో ఎవరికి అందే ఇల్లు ఎంత కట్టగలమన్నది వేరే లెక్క. మన నగర ప్రణాళికలో కంప్యూటర్‌ను మొదటి లెక్కకే వాడుతున్నాం. రెండో లెక్క అసలు వేయడమే లేదు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే: ఇంటి ధర తగ్గాలంటే ఆ రెండో లెక్కను, వీధి వీధికీ ప్లాటు ప్లాటుకూ వేసి, జనం ముందు పెట్టాలి. ప్లానింగ్‌లో సాంకేతికత చేయగలిగిన అతి ముఖ్యమైన పని అది.

దీన్ని నిజంగా చేసి చూపిన నగరం న్యూజిలాండ్‌లోని ఆక్లండ్. జనాభా పదహారు లక్షల ప్రాంతం. అక్కడ 2010లో ఎనిమిది స్థానిక సంస్థలను కలిపి ఒకే నగరపాలనగా చేశారు, ఆ తర్వాత ఊరంతటికీ ఒకే ప్రణాళిక రాయడం మొదలైంది. నగర పాలకులు ముసాయిదా తెచ్చినప్పుడు దాంట్లో కాగితం మీద ఇళ్లకు చోటు చాలా కనబడింది. ఆ ముసాయిదాను పరిశీలించడానికి వేసిన స్వతంత్ర విచారణ సంఘం మాత్రం అంతటితో తృప్తిపడలేదు. నిపుణుల చేత ఒక కంప్యూటర్ నమూనా తయారు చేయించింది. నగరంలోని ప్రతి ప్లాటునూ తీసుకుని, ఈ నిబంధన కింద ఇక్కడ ఎన్ని రకాలుగా కట్టవచ్చు, భూమి ఖర్చెంత, కట్టుబడి ఖర్చెంత, బిల్డరుకు మిగలాల్సిన లాభమెంత, ఆ వీధిలో ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుంది అని లెక్క వేసి, గిట్టుబాటయ్యే ఇళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంది. ముప్పై ఏళ్లలో నగరానికి సుమారు నాలుగు లక్షల ఇళ్లు కావాలి. ముసాయిదా ప్రకారం గిట్టుబాటుగా కట్టగలిగేవి అందులో సగమే అని తేలింది. కాగితం మీది చోటుకీ నేల మీది చోటుకీ మధ్య ఆ తేడా అంకెల్లో బయటపడ్డాక, దాన్ని ఎవరూ దాచలేకపోయారు. సంఘం నిబంధనలు మార్చి, ఆ సంఖ్యను రెట్టింపు చేసి నాలుగు లక్షలు దాటించమని సిఫారసు చేసింది. 2016 నవంబరులో ఆ ప్రణాళిక చాలావరకు అమల్లోకి వచ్చింది. ఒకే ఇల్లు, చుట్టూ తోట అన్న పద్ధతిలో ఉన్న నివాస ప్రాంతాల్లో సుమారు నాలుగింట మూడొంతుల భూమిలో రెండు మూడు అంతస్తుల వరుస ఇళ్లు కట్టుకోవడానికి వీలు కలిగింది.

ఆ తర్వాత జరిగినదాన్ని నిదానంగా చూడాలి. 2016లో ఏడాదికి పదివేల ప్రాంతంలో ఉన్న కొత్త ఇళ్ల అనుమతులు 2022 నాటికి ఇరవై వేలు దాటాయి. వాటిలో పెద్ద భాగం ఆకాశహర్మ్యాలేమీ కాదు. పాత ఇల్లు ఒకటి ఉన్న స్థలంలో గోడకు గోడ ఆనించి కట్టిన నాలుగో, ఆరో చిన్న ఇళ్లు. ఆక్లండ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు వేసిన అంచనా ప్రకారం, ఈ మార్పు జరగకపోతే ఆరేళ్లకు అద్దెలు ఎంత ఉండేవో దాంతో పోలిస్తే నాలుగో వంతుకు పైగా తక్కువగా ఉన్నాయి. ఆ అంచనా పద్ధతి మీద మరికొందరు ఆర్థికవేత్తలకు అభ్యంతరాలున్నాయి, ప్రభావం అంత పెద్దది కాదన్నది వాళ్ల వాదన. ఆ మేరకు తగ్గించుకునే విన్నా, కట్టుబడి రెట్టింపైందన్న సంగతి అలాగే ఉంటుంది. ఆక్లండ్‌కూ హైదరాబాద్‌కూ ఆదాయాల్లో, కుటుంబాల పరిమాణంలో, భూమి రికార్డుల నాణ్యతలో పోలిక లేదు. అక్కడి నిబంధనలు తెచ్చి ఇక్కడ అతికించమని ఎవరూ అడగరు. తెచ్చుకోవలసింది వాళ్లు వేసుకున్న ప్రశ్న: ఈ నిబంధన కింద, ఈ వీధిలో, ఎవరు కొనగలిగే ఇల్లు కట్టుబడి అవుతుంది?

ఆ ప్రశ్నను మన వీధిలో వేసి చూద్దాం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో తిరుగుతోంది. మూడు మార్గాలు కలిపి 69 కిలోమీటర్లు. స్టేషన్ల నుంచి పది నిమిషాల నడక దూరంలో చిన్న ప్లాట్ల కాలనీలు కొల్లలు. రెండు వందల గజాల ప్లాటు ఒకటి తీసుకుందాం, గజం లక్ష రూపాయలనుకుందాం. స్థలం విలువ రెండు కోట్లు. అరవై శాతం స్థలంలో కడితే అంతస్తుకు 1,080 చదరపు అడుగులు వస్తాయి. ఇవాళ్టి నిబంధన కింద మూడు అంతస్తులు, అంతస్తుకొక ఇల్లు. ఒక్కో ఇంటి మీద భూమి భారమే 66 లక్షలు దాటుతుంది. చదరపు అడుగుకు రెండు వేలు కట్టుబడి అనుకుంటే మొత్తం 88 లక్షలు. అదే ప్లాటులో అయిదు అంతస్తులకు వీలిచ్చి, కారు పార్కింగ్ తప్పనిసరి చేయకుండా, చిన్న ఇళ్లకు అవకాశమిస్తే, మెట్లకూ వసారాలకూ పోగా 560 చదరపు అడుగుల ఇళ్లు ఎనిమిది వస్తాయి. భూమి భారం ఇంటికి 25 లక్షలు, కట్టుబడితో కలిపి 38 లక్షల చిల్లర. లిఫ్టు పెడితే ఇంకొంచెం. ఇది నేను ఉదాహరణకు అనుకున్న అంకెలతో వేసిన లెక్క, అసలు ధరలు కాలనీ కాలనీకీ మారతాయి. ఒక ప్లాటుకు చేత్తో వేసిన ఈ లెక్కను అసలు ధరలతో, అసలు రోడ్డు కొలతలతో లక్ష ప్లాట్లకు ఒక్క రాత్రిలో వేయగల శక్తి కంప్యూటర్‌కు ఉంది. ఇప్పుడు అదే కంప్యూటర్‌తో సెట్‌బ్యాక్ అడుగు తగ్గిందా లేదా అని తనిఖీ చేయిస్తున్నాం.

దీనికి కావలసిన సమాచారం లేదా అంటే, చాలావరకు ఉంది. ఆస్తి పన్ను వివరాలు నగరపాలక సంస్థ దగ్గర, నీటి గొట్టాల పటాలు జలమండలి దగ్గర, అమ్మకాల విలువలు రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర, కరెంటు కనెక్షన్ల లెక్క విద్యుత్ సంస్థ దగ్గర ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటికీ సేవలందించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నదే హైదరాబాద్ బాలానగర్‌లో. పట్టణ భూములను విమానాల నుంచి కొలిచి రికార్డులు సిద్ధం చేసే నక్ష అనే కార్యక్రమాన్ని కేంద్రం 2025 ఫిబ్రవరిలో దేశంలోని 152 పట్టణాల్లో మొదలుపెట్టింది. లేనిదల్లా వీటిని ఒకచోట పరిచి, ఇళ్ల ధర అనే ప్రశ్న అడిగే పని. ఎవరి పటం వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం ప్లానింగ్ అంటే రంగురంగుల కాగితమే అవుతుంది. ఆ కాగితానికి జనం ఇచ్చిన తీర్పు కూడా మన ముందుంది. 2020లో తెలంగాణలో అనుమతిలేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించుకోమంటే వచ్చిన దరఖాస్తులు 25 లక్షలకు పైమాట. అంతకుముందు 2007లో బీపీఎస్ పేరుతో, 2015లో బీఆర్ఎస్ పేరుతో కట్టడాలను క్రమబద్ధం చేసే పథకాలు నడిచాయి. ప్రతి వీధిలో ఒకరిద్దరు నిబంధన తప్పితే దాన్ని అతిక్రమణ అనవచ్చు. లక్షల మంది ఒకే రకంగా తప్పారంటే, జనం అవసరాన్ని కొలవకుండానే ఆ నిబంధన రాశారని అర్థం.

అభ్యంతరాలు గట్టివే ఉన్నాయి, అన్నిటికంటే గట్టిది నీటిదీ మురుగుదీ. వీధిలో ఇళ్లు రెట్టింపైతే గొట్టాలు తట్టుకుంటాయా, నాలాలు పొంగవా? 2020 అక్టోబరు వరదల్లో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన నగరంలో ఈ భయం న్యాయమైనది. అయితే ఇళ్లు ఆగిపోతే జనం రావడం ఆగదు. మెట్రో పక్కన చోటు దొరకని కుటుంబం ఔటర్ రింగురోడ్డు అవతల చెరువు శిఖంలో వేసిన లేఅవుట్‌లో ప్లాటు కొంటుంది. అక్కడ గొట్టాలే ఉండవు. వంద కిలోమీటర్లకు మించిన దూరం నుంచి కృష్ణా, గోదావరి నీళ్లు ఎత్తిపోసి తెచ్చుకునే నగరం, ఇల్లిల్లుకూ మధ్య దూరాలు పెంచుకుంటూ పోతే గొట్టం పొడవూ ఖర్చూ పెరుగుతాయి తప్ప తగ్గవు. నాలుగు వందల కుటుంబాలకు పాత మెయిన్ పైపు మార్చడం, నలభై కిలోమీటర్ల కొత్త పైపు వేయడం కంటే తేలిక. అలాగని ప్రతి వీధీ అయిదంతస్తులకు పనికొస్తుందని కూడా చెప్పలేం. ఫైరింజను తిరగలేని సందులో, చెరువు పూర్తిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో, నాలా ఒడ్డున ఆ అనుమతి ఉండకూడదు. ఏ వీధి పనికొస్తుందో, ఏది పనికిరాదో కంటితో చూసి నిర్ణయించలేం కాబట్టే ప్లాటువారీ నమూనా కావాలి. చెరువు హద్దు ముందే పటంలో ప్రకటించి ఉంటే, అనుమతి తెచ్చుకుని, బ్యాంకు రుణం తీసుకుని కట్టుకున్న ఇల్లు ఎఫ్‌టీఎల్‌లో ఉందని తర్వాత తెలుసుకునే దుస్థితి కొనుగోలుదారుకు పట్టదు.

రెండో అభ్యంతరం ధర గురించి. అయిదంతస్తులకు వీలిచ్చిన మర్నాడే ప్లాటు యజమాని ధర పెంచేస్తాడు కదా, కొనేవాడికి మిగిలేదేముంది? నిజమే, పెంచుతాడు. ఇందాకటి ప్లాటు రెండు కోట్ల నుంచి మూడు కోట్లకు పోయిందనుకుందాం. ఎనిమిది ఇళ్లకు పంచితే భూమి భారం 37 లక్షల పైచిలుకు, మొత్తం 51 లక్షలు. ఇవాళ్టి 88 లక్షల కంటే అప్పటికీ చాలా తక్కువ. ఎకరం ధర పెరిగినా ఇంటి ధర తగ్గవచ్చన్న ఈ విషయం మన చర్చల్లో తరచూ కలగాపులగమవుతుంది. ఇంకో సంగతి, అనుమతి పది ప్లాట్లకు ఇస్తే ఆ పదిమందీ గుత్తాధిపతులవుతారు, లక్ష ప్లాట్లకు ఇస్తే ఎవరూ కాలేరు. ఆక్లండ్‌లో ఫలితం వచ్చింది నగరంలో అధిక భాగానికి ఒకేసారి వీలిచ్చినందువల్లే. పెరిగిన విలువలో కొంత ప్రజలకు రావాలన్నది కూడా సబబే. దానికి అహ్మదాబాద్ దారి చూపింది. గుజరాత్ 1976 చట్టం కింద అక్కడ టౌన్ ప్లానింగ్ స్కీముల్లో రైతుల భూములను కలిపి, రోడ్లు వేసి, మిగిలిన భూమిని సరైన ఆకారంలో ప్లాట్లుగా తిరిగి ఇస్తారు. బలహీనవర్గాల ఇళ్లకు పది శాతం వరకు భూమి తీసి ఉంచే వీలు ఆ చట్టంలోనే ఉంది. 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగురోడ్డుకు భూమిలో పెద్ద భాగం ఇలా సమకూరింది. అమరావతిలో రైతులు సుమారు 34 వేల ఎకరాలు పూలింగ్‌కు ఇచ్చారు కాబట్టి ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తది కాదు. రాజధానికి చేసిన పనిని విజయవాడ, వరంగల్, విశాఖ శివార్లలో ఇళ్ల కోసం చేయకూడదన్న నియమమేమీ లేదు.

ప్రభుత్వమే కట్టి ఇస్తే పోదా అనేవాళ్లున్నారు. 2023 జూన్‌లో కొల్లూరులో ఒకేచోట 145 ఎకరాల్లో 15,660 రెండు పడకగదుల ఇళ్లు ప్రారంభమయ్యాయి. ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఎకరానికి వంద ఇళ్లకు పైనే, చక్కని సాంద్రత. చిన్న ఇల్లు గౌరవప్రదంగా కట్టవచ్చని అది రుజువు చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ముషీరాబాద్‌లో ఇళ్లలో పనిచేసుకునే ఆమెకూ, మలక్‌పేట మార్కెట్‌లో హమాలీకీ అక్కడ ఇల్లు దక్కితే పని ముప్పై కిలోమీటర్ల అవతల ఉండిపోతుంది. ఉచితంగా వచ్చిన ఇంటికి రోజూ బస్సు ఛార్జీ, నాలుగు గంటల సమయం వాయిదాలాగా కట్టాలి. పేదవాడికి ఇంటి ధర ఎంతో పని దూరం కూడా అంతే. ఇల్లు ఎక్కడ కట్టాలన్న ప్రశ్నను ఖాళీ ప్రభుత్వ భూమి ఎక్కడుందన్న దాన్ని బట్టి తేల్చేశాం. బస్సు డిపోల పైన, పాత క్వార్టర్ల స్థలాల్లో, మార్కెట్ యార్డుల పక్కన ఎన్ని ఇళ్లు పడతాయో పటం మీద వెతికి ఉంటే జవాబు వేరేగా వచ్చేదేమో.

ఇక అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం, కంప్యూటర్ తప్పు చేస్తే పేదవాడు ఎవరికి చెప్పుకోవాలన్నది. దీనికి మన రెండు రాష్ట్రాల్లోనూ చేదు అనుభవముంది. తెలంగాణలో 2020 అక్టోబరులో మొదలైన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో తప్పుగా నమోదైన భూములు, నిషేధిత జాబితాలో చేరిపోయిన పట్టాలు ఎన్నో కుటుంబాలను ఏళ్ల తరబడి తిప్పాయి, చివరికి 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో చేసిన రీసర్వేలో విస్తీర్ణాల తేడాల మీద రైతులు గోలపెట్టారు, భూమి హక్కుల చట్టం 2024లో రద్దయింది. బస్తీల విషయంలో భయం ఇంకా పెద్దది. డ్రోను పైన ఎగిరిందంటే తర్వాత బుల్డోజరు వస్తుందని జనం అనుకుంటే, వాళ్లను తప్పుపట్టలేం. ఈ భయానికి జవాబు పక్కనే ఉన్న ఒడిశాలో దొరుకుతుంది. 2017లో ఆ రాష్ట్రం మురికివాడల నివాసులకు భూమి హక్కులిచ్చే చట్టం తెచ్చింది. డ్రోన్లతో బస్తీలను చిత్రించారు, ఆ పటాన్ని బస్తీలోకే తెచ్చి పరిచారు. ఏ గడప ఎవరిదో, హద్దు ఎక్కడో నివాసుల సంఘాలు నిర్ధారించాకే రికార్డు ఖాయం చేశారు. మొదట పని మొదలైన చోట్లలో గంజాం జిల్లా ఒకటి, అక్కడి తీరం వెంట తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలకు సంక్రమించే, బ్యాంకులో తనఖా పెట్టుకోదగిన హక్కుపత్రాలిచ్చారు. ఈ కార్యక్రమానికి 2019లో ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. ఒడిశాలో డ్రోను ఇచ్చిన పటాన్ని చివరిమాటగా తీసుకోలేదు, చర్చకు మొదటిమాటగా తీసుకున్నారు. ధరణిలో జరిగింది దానికి తలకిందులు. ప్లాటువారీ ఇళ్ల లెక్క మన నగరాల్లో వేసినా అది ఒడిశా దారిలోనే నడవాలి. వార్డు ఆఫీసులో తెలుగులో, ఉర్దూలో పటం అంటించి, తప్పులు చెప్పడానికి గడువిచ్చి, దిద్దే అధికారం ఆ వార్డులోనే ఉంచాలి.

కారు ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు చిన్నదే. మెట్రో పక్కన ఇల్లు కొనే కుటుంబాల్లో చాలావాటికి కారు లేదు, ఉన్నది స్కూటరు. కారున్నవాళ్లు పార్కింగున్న ఇల్లు కొనుక్కోవచ్చు. కారులేని కుటుంబం చేత పార్కింగ్ స్థలం కొనిపించే నిబంధనను సమర్థించే వాదన నాకు కనిపించలేదు.

హైదరాబాద్ మహానగరానికి 2050ని దృష్టిలో పెట్టుకుని కొత్త మాస్టర్ ప్లాను తయారు చేసే ప్రయత్నం జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ నగరాభివృద్ధి సంస్థలు తమ ప్రణాళికలను సవరించుకుంటున్నాయి. ఇవి ముసాయిదాలుగా బయటికి వచ్చినప్పుడు, మీ అభ్యంతరాలు చెప్పండని పత్రికల్లో ప్రకటన పడుతుంది. రంగుల పటం చూసి సామాన్యుడు చెప్పగల అభ్యంతరం తన ప్లాటు మీదుగా రోడ్డు పోతోందన్నది ఒక్కటే. అందుకే ఆ ముసాయిదాతో పాటు ఇళ్ల లెక్కను కూడా అచ్చువేయాలని అడగాలి. ఈ నిబంధనలు అమలైతే ఏ వార్డులో ఎన్ని ఇళ్లు గిట్టుబాటుగా కట్టవచ్చు, వాటిలో ఆరు వందల చదరపు అడుగుల లోపువి ఎన్ని, నెలకు ముప్పై వేలు సంపాదించే కుటుంబం కొనగలిగేవి, అద్దెకు తీసుకోగలిగేవి ఎన్ని, అక్కడ నీరూ మురుగు గొట్టమూ ఎన్నేళ్లలో సిద్ధమవుతాయి అన్న నాలుగు అంకెలు వార్డు వారీగా ఉండాలి. ఆ లెక్క వేసిన నమూనాను విశ్వవిద్యాలయాలకూ పత్రికలకూ కాలనీ సంఘాలకూ తెరిచి ఇవ్వాలి, ఎవరైనా అంకె మార్చి చూసుకునేలా ఉండాలి. ఆపైన ఏడాదికోసారి, అంచనా వేసిన ఇళ్లెన్ని, నిజంగా కట్టినవెన్ని, ఎంతకు అమ్ముడుపోయాయన్నది అదే పట్టికలో పక్క గడిలో నింపాలి. తేడా ఎక్కువగా కనిపించిన వార్డులో ఏ నిబంధన అడ్డుపడిందో వెతికి, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మాస్టర్ ప్లాను దాకా ఆగకుండా, ఆ ఏడాదే దాన్ని సవరించాలి.